విమానం ఎక్కకముందు చేసే సాయం: గల్ఫ్ వలస గురించి దాతలు తెలుసుకోవలసిన విషయాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలోనూ గల్ఫ్ అన్న మాట కొత్తది కాదు. కువైట్‌లో వంట చేసే అక్క, సౌదీలో బండి తోలే అల్లుడు, దుబాయి లేబర్ క్యాంపులో ఉండే తమ్ముడు, ఇలా ఎవరో ఒకరు లేని బంధువర్గం మనలో తక్కువ. మన మసీదులకు, మదర్సాలకు, ఆడపిల్లల పెళ్లిళ్లకు, పిల్లల ఫీజులకు అక్కడి నుంచి వచ్చిన డబ్బు ఎంతగా ఆదుకుందో దాతలైన మీకు వేరే చెప్పనక్కరలేదు. మీలో కొందరు అలా వెళ్లి నిలదొక్కుకున్నవారే.

అదే గల్ఫ్ నుంచి ఇంకో రకం కబురు కూడా వస్తుంది. పోయినవారి మయ్యత్ ఎన్ని రోజులైనా ఇంటికి చేరదు. ఇంటిపనికి వెళ్లిన తల్లి ఫోను ఎత్తదు. ఏజెంటు డబ్బు తీసుకుని ముఖం చాటేస్తాడు. అప్పుడు ఆ కుటుంబం సేవాసంస్థల గడప ఎక్కుతుంది. మనం చందా వేసుకుని టికెట్టుకో, లాయరుకో, ఇంటి ఖర్చుకో ఇస్తాం. ఇవ్వాల్సిందే. కానీ అది జరగవలసిన నష్టమంతా జరిగిపోయాక ఇచ్చే డబ్బు.

ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే. గల్ఫ్‌కు వెళ్లేవారి కోసం మన ప్రభుత్వం, అక్కడి ప్రభుత్వాలు చేసిన చట్టాలు, పథకాలు చాలానే ఉన్నాయి. వాటిలో దాదాపు ప్రతిదీ కాగితం మీద నడుస్తుంది. ఆ కాగితాలు తయారయ్యేది కువైట్‌లో కాదు, మన ఊళ్లో, విమానం ఎక్కకముందు. ఆ దశలో పెట్టే కొద్దిపాటి డబ్బు, కొన్ని గంటల శ్రమ, తర్వాత పెట్టే వేల రూపాయల కంటే ఎక్కువ పనిచేస్తాయి. ఎలాగో చూద్దాం.

కువైట్‌తో మన లెక్క పాతది

1961 వరకు కువైట్‌లో చెల్లిన డబ్బు మన రూపాయే. ఆ ఏడాదే వాళ్లు తమ దీనారు తెచ్చుకున్నారు. తర్వాత చమురు డబ్బు పెరిగేకొద్దీ ఇళ్లు, రోడ్లు కట్టేందుకు, బండ్లు తోలేందుకు, ఇంటిపని చేసేందుకు మనుషులు కావలసి వచ్చారు. రాయలసీమలో వర్షాధార సేద్యం మీద బతికే ఇళ్లకు ఆ దారి కనిపించింది. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి మొదలైన వరుస మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల దాకా వచ్చింది.

మన ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. మదనపల్లె మార్కెట్‌లో టమాటా 2023 జులైలో కిలో 200 రూపాయల దరిదాపుల్లో పలికింది. అదే టమాటాను కోత కూలి కూడా గిట్టక రోడ్డు మీద పారబోసిన ఏళ్లూ ఉన్నాయి. నీరుగట్టువారిపల్లెలో మగ్గం నేసేవారికి, కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు కూలిపనికి పోయేవారికి ఆదాయం ఒక తీరుగా ఉండదు. నెల తిరిగేసరికి కచ్చితంగా వచ్చే జీతం అంటే ఎవరికైనా ఆశే.

దేశానికీ ఈ డబ్బు చిన్నది కాదు. రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం 2023-24లో విదేశాల నుంచి మనవాళ్లు పంపినది 118.7 బిలియన్ డాలర్లు. అందులో ఆరు గల్ఫ్ దేశాల వాటా దాదాపు 38 శాతం. ఒక్క కువైట్‌లోనే సుమారు 10 లక్షల మంది భారతీయులు ఉన్నారు. 2024 డిసెంబరులో ప్రధాని నరేంద్ర మోదీ అక్కడికి వెళ్లారు. 1981లో ఇందిరా గాంధీ వెళ్లిన 43 ఏళ్ల తర్వాత ఒక భారత ప్రధాని కువైట్‌లో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

కష్టకాలంలో ప్రభుత్వం కదిలిన సందర్భాలు లేకపోలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చారు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడి దాదాపు 50 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులు, ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్‌వారు. రెండు రోజుల్లో వాయుసేన విమానం 45 మృతదేహాలను కొచ్చికి తెచ్చింది. కానీ ఇవి దేశమంతా చూసిన సంఘటనలు. ఒక మహల్లాలో ఒక ఇంటికి వచ్చిన కష్టానికి ప్రత్యేక విమానం రాదు. అక్కడ పనిచేసేవి మామూలు రోజుల చట్టాలు, మామూలు కాగితాలు.

రెండు రకాల పాస్‌పోర్టులు

మన వలసలను నడిపే చట్టం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. దీని ప్రకారం పాస్‌పోర్టులు రెండు రకాలు. పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైనది. పదో తరగతి దాటినవారిది ఈసీఎన్ఆర్, అంటే ఆ క్లియరెన్స్ అక్కరలేనిది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవారు 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారి అనుమతి కావాలి. ఆ 18 దేశాల్లో ఆరు గల్ఫ్ దేశాలూ ఉన్నాయి.

చాలామంది ఈ అనుమతిని అడ్డంకిగా చూస్తారు. నిజానికి అది ఒక రక్షణ గొలుసులో మొదటి కడియం. అనుమతి అడిగినప్పుడే యజమాని పేరు, జీతం, పని ఒప్పందం, ఇన్సూరెన్స్ అన్నీ ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థలోకి ఎక్కుతాయి. రేపు ఏదైనా జరిగితే కువైట్‌లోని మన రాయబార కార్యాలయం ఆ యజమానిని పేరు పెట్టి పిలవగలిగేది ఆ నమోదు వల్లే. దీనికి ప్రభుత్వం తీసుకునే రుసుము 200 రూపాయలు.

ఏజెంటు విషయంలోనూ చట్టం స్పష్టంగా ఉంది. విదేశాంగ శాఖ దగ్గర లైసెన్సు ఉన్న ఏజెంటు మాత్రమే మనుషులను పంపాలి. అతడు తీసుకోగల సర్వీసు రుసుము 30,000 రూపాయలకు మించకూడదు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. సబ్ ఏజెంటు అనేవాడు ఈ చట్టంలో లేడు. మన వీధికి వచ్చి, "అన్నా, వీసా రెడీగా ఉంది, శుక్రవారం ఫ్లైటు, పాస్‌పోర్టు ఇయ్యి చాలు" అనే మనిషి మనకు తెలిసినవాడే కావచ్చు, మంచివాడే కావచ్చు. చట్టం కళ్లకు మాత్రం అతడు కనిపించడు. అతడికి ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు, అడిగేందుకు ఆధారం ఉండదు.

చట్టం బలహీనత కూడా దాచనక్కరలేదు. లైసెన్సు లేకుండా మనుషులను పంపినవాడికి రెండేళ్ల వరకు జైలు అని ఉంది. జరిమానా మాత్రం 1983లో రాసిన 2,000 రూపాయలే. ఈ చట్టం మార్చాలని 2021లో ఒక ముసాయిదా బిల్లు వచ్చింది. ఢిల్లీలో చట్టం మారేదాకా మన మహల్లాలో మనం చేయగలిగింది వేరే ఉంది.

ఆడవాళ్ల విషయంలో రెండు ప్రభుత్వాల బేరం

మన ప్రాంతం నుంచి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు ఎక్కువ. భర్త పోయినవారు, తలాక్ అయినవారు, పిల్లల చదువు భారం ఒంటరిగా మోసేవారు వీరిలో ఉంటారు. వీరి కోసం మన ప్రభుత్వం గట్టి షరతులు పెట్టింది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళ ఆ 18 దేశాలకు వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి వీరిని ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని చేసేది ఓంక్యాప్.

ఇంకో షరతు కథ చెబితే రెండు దేశాల మధ్య బేరం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. మన ఆడమనిషిని ఇంటిపనికి తీసుకెళ్లే యజమాని 2,500 డాలర్లు, కువైట్ డబ్బులో 720 దీనార్లు, బ్యాంకు గ్యారంటీ కట్టాలని భారత్ అడిగింది. జీతం ఎగ్గొడితే, మనిషిని తిరిగి పంపాల్సి వస్తే ఆ డబ్బు ఉపయోగపడాలన్నది ఉద్దేశం. కువైట్‌లో ఇది 2014 చివర్లో అమలైంది. అక్కడివారికి నచ్చలేదు. కువైట్ భారతీయ మహిళలకు ఇంటిపని వీసాలు ఆపింది. చివరకు 2017 సెప్టెంబరులో మన రాయబార కార్యాలయమే ఆ గ్యారంటీ అక్కరలేదని ప్రకటించింది.

జీతం విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. గల్ఫ్‌కు వెళ్లే కార్మికులకు ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని మన ప్రభుత్వం ఒక కనీస వేతనాన్ని సిఫారసు చేస్తుంది. కోవిడ్ రోజుల్లో, 2020 సెప్టెంబరులో దాన్ని 30 నుంచి 50 శాతం తగ్గించింది. ఎక్కువ అడిగితే ఉద్యోగాలు వేరే దేశాలవారికి పోతాయన్న భయం. దీనిపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జులైలో ప్రభుత్వం పాత వేతనాలనే పునరుద్ధరించింది.

మనుషులను పంపే దేశం రక్షణ అడుగుతుంది. తీసుకునే దేశం చవకైన, చిక్కులేని మనిషిని అడుగుతుంది. షరతు మరీ గట్టిగా బిగిస్తే దొడ్డిదారి తెరుచుకుంటుంది. 30 ఏళ్లు నిండని అమ్మాయిని విజిట్ వీసా మీద దుబాయికి పంపి, అక్కడి నుంచి ఇంకో దేశానికి తరలించడం, ఆధార్‌లో వయసు దిద్దించడం, ఇవన్నీ అలా పుట్టినవే. ఈ దారిలో వెళ్లిన మనిషి ఈ-మైగ్రేట్‌లో ఉండదు, ఒప్పందం ఉండదు, ఇన్సూరెన్స్ ఉండదు. ఆమె ఎక్కడుందో కనుక్కోవడమే పెద్ద పని అవుతుంది.

పదో తరగతి విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పాసైతే ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు వస్తుంది. అనుమతి కోసం తిరగక్కరలేదు, మెరుగైన పని దొరికే అవకాశమూ ఉంది. చదువు ఎప్పుడూ మేలే. అయితే ఆ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి నమోదు, ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. అంటే వల దాటిపోయే వీలు వచ్చింది, కింద వల మాత్రం పోయింది. వారి విషయంలో మన జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి.

18 నంబరు, 20 నంబరు

కువైట్ వీసా అంటే మనవాళ్లు ముందు అడిగేది నంబరే. 18 నంబరు వీసా కంపెనీ పనికి, 20 నంబరు ఇంటిపనికి. రెండింటి చట్టాలు వేరు. కంపెనీ కార్మికులకు 2010 నాటి కార్మిక చట్టం వర్తిస్తుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని. ఇంట్లో డ్రైవరు, వంటమనిషి, ఆయా ఆ చట్టం పరిధిలోకి రారు.

వారి కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. దీని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పని ముగించుకుని వచ్చేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం. పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు. వయసు 21కి తగ్గకూడదు, 60 మించకూడదు. 2016లో కనీస జీతం 60 దీనార్లుగా నిర్ణయించారు. 2021 జూన్‌లో విదేశాంగ మంత్రి జైశంకర్ కువైట్ వెళ్లినప్పుడు ఇంటిపనివారి నియామకంపై రెండు దేశాలు అవగాహన ఒప్పందం మీద సంతకాలు చేశాయి.

చదివితే బాగానే ఉంది. ఆచరణలో ఇంటిపని నాలుగు గోడల మధ్య జరుగుతుంది. తనిఖీ అధికారి రోజూ ఇంట్లోకి రాడు. కఫీల్ మంచివాడైతే చట్టం అవసరమే రాదు. చెడ్డవాడైతే ఆమె చట్టం దాకా చేరాలి. చేరాలంటే తన హక్కు ఏమిటో తెలియాలి, ఒప్పందం నకలు కావాలి, కఫీల్ పేరు, చిరునామా ఇక్కడ ఇంట్లోవారి దగ్గర ఉండాలి. ఇవేవీ లేక, భరించలేక పారిపోయి వస్తే ఆమె మీదే కేసు పడుతుంది. బతాకా చెల్లదు. ఆ తర్వాత దొరికిన చోట దొంగచాటుగా పని చేయడం, క్షమాభిక్ష కోసం ఎదురుచూడడం.

కువైట్ అలా 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించింది. గడువు లోపల జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చు. 2020లో విమాన ఖర్చు కూడా కువైట్ ప్రభుత్వమే పెట్టుకుంది. పాస్‌పోర్టు లేనివారికి రాయబార కార్యాలయం ఔట్‌పాస్ ఇస్తుంది. దానికీ తాను ఫలానా అని చూపించే పాత పాస్‌పోర్టు నకలో, మరో ఆధారమో కావాలి. అది చాలాసార్లు ఇక్కడ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండాల్సిన జిరాక్సు కాగితమే.

375 రూపాయలు, 10 లక్షలు

ప్రవాసీ భారతీయ బీమా యోజన అని కేంద్రం పథకం ఉంది. 2003లో మొదలైంది, 2017లో మెరుగుపరిచారు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ఈసీఆర్ వారికి ఇది తప్పనిసరి.

ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఈ 10 లక్షలు ప్రమాదానికే. నిద్రలో గుండె ఆగి చనిపోతే రావు. గల్ఫ్‌లో అలాంటి మరణాలు తక్కువేమీ కాదు. కాబట్టి ఇది ఉందని వేరే జీవిత బీమా మానేయకూడదు. రెండోది, గడువు. మొదటిసారి వెళ్లేటప్పుడు కట్టిన పాలసీ రెండు మూడేళ్లలో ముగుస్తుంది. మనిషి పదేళ్లు అక్కడే ఉంటాడు. పాలసీని ఆన్‌లైన్‌లో పొడిగించే వీలుంది, గుర్తుచేసేవారే లేరు. మూడోది, నామినీ పేరు. మన ఇళ్లలో ఇదే పెద్ద చిక్కు. ఆధార్‌లో షేక్ అని పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో ఎస్‌కే అని ఉంటుంది. ఒకచోట బీ, ఒకచోట బేగం. పెళ్లికి ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు. బతికున్నప్పుడు ఒక అర్జీతో సరిపోయే తేడా, మనిషి పోయాక నెలల తరబడి తిప్పుతుంది.

రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. అది ప్రవాసాంధ్ర భరోసా పేరుతో ప్రమాద బీమా నడుపుతోంది. ఇదీ 10 లక్షల రక్షణే. ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి దీని గురించి తప్పక చెప్పాలి. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ విమానాశ్రయాల నుంచి మృతదేహాన్ని సొంతూరికి చేర్చేందుకు ఉచిత అంబులెన్సు కూడా ఆ సొసైటీ ఏర్పాటు చేస్తుంది.

కువైట్‌లోని మన రాయబార కార్యాలయం దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. 2009లో పెట్టారు. పాస్‌పోర్టు, వీసా సేవల మీద వసూలు చేసే చిన్న మొత్తంతో ఇది నడుస్తుంది. అంటే మనవాళ్ల డబ్బే. దిక్కులేనివారికి ఆశ్రయం, న్యాయ సాయం, టికెట్టు, మయ్యత్ తరలింపు ఖర్చు దీని నుంచి ఇవ్వవచ్చు. ఫిర్యాదు చేయడానికి విదేశాంగ శాఖ 2015లో మదద్ అనే పోర్టల్ తెచ్చింది. ఇంట్లో కూర్చుని ఫిర్యాదు నమోదు చేయవచ్చు, అది ఎంతవరకు వచ్చిందో చూడవచ్చు. పాస్‌పోర్టు నంబరు, అక్కడి యజమాని వివరాలు మాత్రం అడుగుతుంది. ఇవి తెలియని ఇంటివారు కంప్యూటరు ముందే ఆగిపోతారు.

ప్రాణం పోయినప్పుడు

ఈ విషయం రాయడానికి మనసొప్పదు. కానీ దాతలకు తెలియాలి. ఎందుకంటే మన చందాలు ఎక్కువగా అడిగేది ఇక్కడే.

గల్ఫ్‌లో మనిషి చనిపోతే ముందు ఆసుపత్రి నివేదిక, పోలీసు కాగితం, మరణ ధ్రువపత్రం కావాలి. తర్వాత కుటుంబం నుంచి సమ్మతి పత్రం అడుగుతారు. శవాన్ని ఇక్కడికి పంపాలా, అక్కడే దఫన్ చేయాలా అన్నది ఆ పత్రంలో రాయాలి. రాయబార కార్యాలయం పాస్‌పోర్టు రద్దు చేసి అభ్యంతరం లేదని పత్రం ఇస్తుంది. తరలింపు ఖర్చు యజమాని పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే వెల్ఫేర్ ఫండ్‌ను అడగాలి. ప్రమాదమా, సహజ మరణమా, హత్యా అన్న అనుమానం ఉంటే విచారణకు రోజులు పడతాయి.

ఈ సమయంలో ఇంట్లోవారికి డబ్బు కంటే ముందు కావలసింది సమ్మతి పత్రం సరిగా రాసిపెట్టే మనిషి. ఆ పత్రంతోనే జీతం బకాయిలు, పరిహారం అంతా ముట్టిందని కూడా రాయించుకునే ప్రయత్నం జరగవచ్చు. ఏడుపులో సంతకం పెట్టేస్తారు. మయ్యత్ విషయం వేరు, బకాయిల విషయం వేరు. రెండింటినీ ఒకే కాగితంలో కలపనివ్వకూడదు. వారసుల ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయం నుంచి తీసుకుని బకాయిల కోసం మదద్‌లో విడిగా ఫిర్యాదు చేయాలి. ఒక చదువుకున్న వాలంటీరు ఒక పూట వెచ్చిస్తే ఆ కుటుంబానికి దక్కేది మన చందాకు ఎన్నో రెట్లు.

మన విరాళం ఎక్కడ పెట్టాలి

పైన చెప్పినవన్నీ కలిపి చూస్తే పని ఎక్కడుందో తెలుస్తుంది. మూడు ఊళ్లలోనూ చేయదగినవి ఇవి.

ఒకటి, కాగితాల పరిశీలన. ప్రతి శుక్రవారం జుమా నమాజు తర్వాత రెండు గంటలు ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఇద్దరు చదువుకున్న పిల్లలు చాలు. వెళ్లబోయేవారు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం తెచ్చి చూపించుకోవాలి. ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్‌లో ఉందా, చేతికిచ్చింది ఉద్యోగ వీసానా, విజిట్ వీసానా అన్నది అక్కడికక్కడే తేలుతుంది. మోసం ఎక్కువగా బయటపడేది ఈ ఒక్క చూపులోనే. ఆడవాళ్ల కాగితాలు చూసేందుకు ఆడవాళ్లే కూర్చోవాలి.

రెండు, ఇన్సూరెన్సు. వెళ్లే ప్రతి పేద మనిషికి మూడేళ్ల ప్రీమియం మనం కట్టవచ్చు. పన్నుతో కలిపినా 500 రూపాయలు దాటదు. ఒక దాత 10,000 ఇస్తే 20 మందికి పైగా రక్షణ. గడువు తేదీలు ఒక పుస్తకంలో రాసి, ముగిసేముందు ఇంటికి కబురు చేయాలి.

మూడు, ఇంటి ఫైలు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఇన్సూరెన్సు నకళ్లు, కఫీల్ పేరు, ఫోను, చిరునామా ఒక కవరులో పెట్టి ఇంట్లోవారికి ఇవ్వాలి. అక్కడికి వెళ్లి బతాకా వచ్చాక దాని ఫొటో కూడా చేర్చాలి. దీనికయ్యే ఖర్చు జిరాక్సు డబ్బులే. పేర్ల తేడాలుంటే దిద్దించాల్సింది కూడా అప్పుడే.

నాలుగు, అప్పు. అన్నిటికంటే బరువైనది ఇదే. వడ్డీకి తెచ్చిన అప్పుతో వెళ్లిన మనిషి అక్కడ ఎంత కష్టమొచ్చినా తిరిగి రాలేడు. వస్తే అప్పులవాళ్లు గడపలో కూర్చుంటారు. కఫీల్ కంటే ముందు ఆ మనిషిని కట్టిపడేసింది ఇక్కడి వడ్డీ. చట్టప్రకారం కట్టాల్సిన రుసుము, వైద్య పరీక్షల ఖర్చు వరకు ఖర్జె హసనా ఇచ్చే చిన్న నిధి ఉంటే, లైసెన్సు ఉన్న ఏజెంటు దగ్గరకు మాత్రమే ఆ డబ్బు వెళ్లాలన్న షరతు కూడా పెట్టవచ్చు. తిరిగి వచ్చిన డబ్బు ఇంకొకరికి పనికొస్తుంది.

ఐదు, వెళ్లకుండా ఉండగలిగే దారి. 30 ఏళ్లు నిండని ఆడపిల్లను దొడ్డిదారిన పంపాలని చూసే ఇంటికి వెళ్లి వద్దని చెప్పడం తేలిక. ఆ ఇంటికి నెల ఎలా గడుస్తుందన్నది కష్టమైన ప్రశ్న. కుట్టు మిషను, ఓపెన్ స్కూలు ఫీజు, చిన్న కొట్టుకు పెట్టుబడి, వితంతు పింఛను అర్జీ, వీటిలో ఏదో ఒకటి చేతిలో పెట్టి చెబితేనే ఆ మాట వింటారు.

దాతలు అడిగే రెండు ప్రశ్నలు

ప్రభుత్వ పథకాలున్నప్పుడు మన డబ్బెందుకని కొందరు అడుగుతారు. పథకం ఉండడం వేరు, అందడం వేరు. ప్రీమియం ఎంతో, ఎక్కడ కట్టాలో, ఫిర్యాదు ఏ భాషలో రాయాలో తెలియని మనిషికి ఆ పథకం లేనట్టే. మన పని ప్రభుత్వానికి బదులు నిలబడటం కాదు. ప్రభుత్వం ఇస్తానన్నదాన్ని మన మనిషి చేతికి అందేలా చూడటం. ప్రతి రూపాయికి అంత ఫలం ఇచ్చే పని ఇంకోటి దొరకడం కష్టం.

ఇది జకాత్ నుంచి ఇవ్వవచ్చా అన్నది రెండో ప్రశ్న. జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలు నిర్ణయమై ఉన్నాయి. పేదలు, అప్పుల్లో కూరుకున్నవారు, దారిలో చిక్కుకున్న బాటసారులు వారిలో ఉన్నారు. అయితే ఇన్సూరెన్సు ప్రీమియం, కార్యాలయ ఖర్చు వంటివి ఏ ఖాతాలో రాయాలన్నది మన ఉలమాలను అడిగి తేల్చుకోవాల్సిన విషయం. జకాత్, సదఖా, లిల్లాహ్ డబ్బులు వేర్వేరుగా రాసి, వేర్వేరుగా ఖర్చు పెట్టడమే సరైన పద్ధతి. మీరు ఇచ్చేటప్పుడే ఏ పద్దు కింద ఇస్తున్నారో రసీదు మీద రాయించండి.

చివరగా మీలో వ్యాపారం చేసేవారికి, ఉద్యోగంలో ఉన్నవారికి, గల్ఫ్‌లోనే స్థిరపడినవారికి ఒక మనవి. డబ్బుతో పాటు కొన్ని గంటలు కూడా ఇవ్వండి. అరబీ కాగితం చదవగలవారు మనలో ఉన్నారు. కంప్యూటరు తెలిసిన పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. కువైట్‌లో ముప్పై ఏళ్లు గడిపి వచ్చిన పెద్దలున్నారు. ఏ కాగితం లేకపోతే ఏం జరుగుతుందో వారికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఈ ముగ్గురినీ శుక్రవారం ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగితే వచ్చే ఏడాది మన చందా పుస్తకంలో మయ్యత్ ఖర్చుల పద్దు కొంతైనా తగ్గుతుంది. ఇన్షా అల్లాహ్, ఆ తగ్గిన మేర మన పిల్లల చదువుల పద్దు పెరగాలి.